జపాన్ పాప్ పాటల్లో ట్రంపెట్: ఎనిమిది బార్లలో ఒక గొంతు

నాకు వచ్చిన ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. జపాన్ పాప్ సంగీతంలో గుర్తుండిపోయే ట్రంపెట్ సోలోలు ఏవి, సాక్సోఫోన్ సోలోలు కోకొల్లలుగా దొరుకుతుంటే ట్రంపెట్‌వి ఎందుకంత అరుదు, విని నేర్చుకోదలచినవారు ఎక్కడ మొదలుపెట్టాలి. పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలో ఊదడం మొదలుపెట్టి, తరువాత పాతికేళ్లు ఆర్కెస్ట్రాలలో ట్రంపెట్ వాయించినవాణ్ణి, జపాన్ రికార్డులను స్వరాలు రాసుకుంటూ విన్నవాణ్ణి కనుక నా అనుభవం మేరకు చెబుతాను. జపనీయుల పేర్లను వారి పద్ధతిలోనే, అంటే మన పద్ధతిలాగే, ఇంటిపేరు ముందుంచి రాస్తున్నాను.

ముందుగా సోలో అన్న మాట గురించి ఒక స్పష్టత అవసరం. జాజ్ శ్రోతలు సోలో అనగానే వాద్యకారుడు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే మనోధర్మాన్ని ఊహించుకుంటారు. జపాన్ పాప్ పాటల్లో, ముఖ్యంగా 1960ల నుంచి 1980ల వరకు వచ్చిన వాటిలో, అటువంటిది వెతికితే నిరాశే మిగులుతుంది. అక్కడ ట్రంపెట్‌కు దక్కేది మన సినిమా సంగీతంలో బిట్టు అని పిలిచేటటువంటిది: పాట మొదట్లోనో, పల్లవికీ చరణానికీ మధ్యనో నాలుగు లేదా ఎనిమిది బార్ల, అంటే మన తాళావర్తాల వంటి కొలతల, చోటు. అందులోని ప్రతి స్వరాన్నీ ఆరేంజరు, అంటే ఏ వాద్యం ఎక్కడ ఏమి పలకాలో కూర్చేవాడు, కాగితం మీద ముందే రాసి ఉంచుతాడు. వాద్యకారుడు స్టూడియోకు వచ్చి, ఆ కాగితం చూసి, ఊది వెళ్లిపోతాడు. ఆ ఎనిమిది బార్లు యాభై ఏళ్ల తరువాత కూడా జనం ఈల వేసుకునేటట్లు ఉండటానికి కారణం రాసినవాడి మితం, ఊదినవాడి గొంతు. నేను గొంతు అనే అంటాను, ఎందుకంటే ఆ సోలోలన్నీ మాటలు లేని పాటలే.

అరుదుగా ఉండటానికి కారణం కొంత వాద్యంలోనే ఉంది. ట్రంపెట్ హాయిగా పలికే మధ్యస్థాయి, సాధారణంగా పాప్ గాయనీగాయకులు పాడే స్థాయి చాలావరకు ఒక్కచోటే పడతాయి. పైగా దాని ధ్వని సూటిగా ముందుకు దూసుకొస్తుంది. గొంతు పాడుతుండగా వెనుక ట్రంపెట్ విడిగా ఏదైనా పలికితే శ్రోత చెవి మాటలను వదిలి దాని వెంట పోతుంది. సాక్సోఫోన్ అలా కాదు, అది గొంతు పక్కన ఒదిగి కూర్చోగలదు, శ్వాసను కూడా ధ్వనిలో కలిపి గుసగుసలాడగలదు. అందువల్ల ఆరేంజర్లు ట్రంపెట్లను మూడు నాలుగింటిని గుంపుగా పెట్టి వాక్యాల చివర కొట్టించడానికి వాడుకున్నారే తప్ప ఒక్కదానికి మైదానం అప్పగించడానికి జంకారు. అప్పగించాలనుకున్నప్పుడు గాయకుడు నోరు మూసుకున్న చోటే అప్పగించాలి. కాబట్టి గొప్ప ట్రంపెట్ ఘట్టాలు చాలావరకు పాటల ఆరంభంలోనే దొరుకుతాయి.

వాటిలో నా దృష్టిలో మొదటి స్థానం 1974 జనవరిలో వచ్చిన ఎరిమో మిసాకి అనే పాటది. పాడినది మోరి షిన్‌ఇచి, అప్పటికే ఎంకా అనే విషాదగీతాల ధోరణిలో బొంగురు గొంతుతో పేరు తెచ్చుకున్న గాయకుడు. స్వరపరచినది ఫోక్ గాయకుడు యోషిదా తకురో, రాసినది ఒకామోతో ఒసామి. ఫోక్ యువతరం గిటారు పాట, ఎంకా వారి తల్లిదండ్రుల పాట. ఆ కాలంలో ఈ రెండు వర్గాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కారు. ఈ రెండింటినీ ఒక చోట కూర్చోబెట్టే పని ఆరేంజరు మకైనో షున్‌ఇచి మీద పడింది, ఆయన పాటను ట్రంపెట్‌తో తెరిచాడు. ఇది చిన్న నిర్ణయం కాదు. అకూస్టిక్ గిటారుతో తెరిస్తే అది పూర్తిగా తకురో పాట అయ్యేది, సాక్సోఫోన్‌తో తెరిస్తే రాత్రి బార్లలో వినిపించే మామూలు మోరి పాట అయ్యేది. ట్రంపెట్ ఆ రెండు ఇళ్లకూ చెందనిది. ఎరిమో అనేది హొక్కయిదో ద్వీపపు దక్షిణ తీరాన, ఎడతెరిపి లేని గాలులకు పేరుపడ్డ భూశిరం. ఆ ఆరంభంలో ట్రంపెట్ గర్జించదు, తొందరపడదు, బయలులో చాలా దూరాన నిలబడి పిలుస్తున్నట్లు పలుకుతుంది. అక్కడి వసంతంలో ఏమీ ఉండదని పాట చెబుతుంది. ఈ మాటకు ఆ ఊరివారు మొదట నొచ్చుకున్నారు, పాట పుణ్యమా అని యాత్రికులు రావడం మొదలయ్యాక ఆ కోపం చల్లారింది. ఆ ఏటి జపాన్ రికార్డ్ అవార్డు మహాబహుమతి ఈ పాటకే దక్కింది.

ఈ పాటను వాయించి చూసినవారికి ఒక విషయం బోధపడుతుంది. స్వరాలు ఏమాత్రం కష్టమైనవి కావు, ఏడాది నేర్చుకున్న విద్యార్థికి కూడా వేళ్లు తిరుగుతాయి. కష్టం అంతా స్వరాన్ని మొదలుపెట్టే తీరులో ఉంది. నాలుకతో గట్టిగా కొడితే సైనిక బాకా అవుతుంది, మెత్తగా వదిలితే శ్రుతి జారుతుంది. మా బ్యాండు మేళంలో ట్రంపెట్ అంటే వీధి చివరి ఇంటికి కూడా వినిపించాలి, డప్పులనూ జనరేటరు మోతనూ మించాలి. అటువంటి చోట పెరిగిన నా పెదవులకు ఈ ఆరంభం ఊదడం నేర్పడానికి ఒక శీతకాలం పట్టింది.

దీనికి పక్కనే 1971లో ఓజాకి కియోహికో పాడిన మతా ఆవు హి మదె పాటను పెట్టి వినండి. త్సుత్సుమి క్యోహెయి స్వరపరచి తానే ఆరేంజ్ చేసిన పాట, సాహిత్యం అకు యూది. దాని ఆరంభంలో ఇత్తడి వాద్యాల గుంపు ఒక చిన్న పలుకు పలికితే డ్రమ్స్ దానికి జవాబు చెబుతాయి. జపాన్‌లో ఆ పలుకు తెలియని పెద్దవారు ఉండరనే చెప్పాలి. కానీ అది సోలో కాదు, గుంపు పని. ప్రశ్న వేసినవారి జాబితాలో అది ఉంటే తప్పుపట్టను గానీ, నేర్చుకునేవారు ఒంటరిగా దాన్ని ఊదితే సగం కూడా రాదు.

ఆ రోజుల్లో ఈ వాద్యకారులు ఎక్కడి నుంచి వచ్చారన్నది కూడా చెప్పుకోవాలి. యుద్ధానంతరం అమెరికా సైనిక శిబిరాల క్లబ్బులలో వాయించి ఆరితేరినవారు, 1951లో మొదలైన హారా నొబువో బృందం షార్ప్స్ అండ్ ఫ్లాట్స్ వంటి బిగ్ బ్యాండులలో కుదురుకున్నారు. టెలివిజన్ వచ్చాక ఆ బ్యాండులే పాటల కార్యక్రమాలకు పునాది అయ్యాయి. 1968లో ఫుజి టెలివిజన్‌లో ప్రారంభమైన యోరు నో హిట్ స్టూడియో వంటి కార్యక్రమాలలో గాయకులు వరుసగా వచ్చి పాడి వెళుతుంటే, వెనుక అదే బ్యాండు ప్రతి పాటకూ కాగితం మార్చుకుంటూ ప్రత్యక్షంగా వాయించేది. ఒకే గంటలో ఒక ట్రంపెట్ వాద్యకారుడు ఎంకా బిట్టు, డిస్కో బిట్టు, ఐడల్ పాట (కుర్రకారు ఆరాధించే యువ తారల పాట) బిట్టు ఊదవలసి వచ్చేది. అయినా చాలా రికార్డు కవర్ల మీద వారి పేర్లు అచ్చయ్యేవి కావు. అందుకే పాత పాటల్లో ఫలానా సోలో ఎవరిదన్న చర్చ అభిమానుల మధ్య ఇప్పటికీ తెగదు.

శ్రోతల చెవిని సిద్ధం చేసినది మాత్రం ఒక విదేశీయుడు. ఇటలీ ట్రంపెట్ వాద్యకారుడు నీని రోసో 1960ల మధ్యలో విడుదల చేసిన సైనిక వీడ్కోలు బాణీ, రాత్రి ఆకాశపు ట్రంపెట్ అని అర్థం వచ్చే పేరుతో జపాన్‌లో అపారంగా ఆదరణ పొందింది. ఆయన ఆ దేశానికి పదే పదే వెళ్లి కచేరీలు చేశాడు. ఒంటరి ట్రంపెట్ అంటే చీకటి, దూరం, వీడ్కోలు అనే భావన జపాన్ పాప్‌లో స్థిరపడటానికి ఆ బాణీ చాలా దోహదం చేసిందని నా అభిప్రాయం.

ఆ భావనకు జపాన్ గొంతు ఇచ్చినవాడు కజుహారా షిన్. 2021లో కన్నుమూసిన ఈ స్టూడియో వాద్యకారుడి పేరు తెలియని జపనీయులు కూడా ఆయన ధ్వనిని పోల్చుకోగలరు. 1972లో మొదలైన హిస్సత్సు అనే ధారావాహికల పరంపర డబ్బు పుచ్చుకుని దుర్మార్గులను రహస్యంగా మట్టుబెట్టే హంతకుల కథ, సంగీతం హిరావో మసాఆకిది. ఇటలీ కౌబాయ్ సినిమాల ఛాయ ఉన్న ఆ ట్రంపెట్ బాణీలలో కజుహారా ధ్వని స్థిరంగా నిలిచిపోయింది. 1985 నుంచి 1990ల చివరి దాకా శుక్రవారం రాత్రి సినిమా ప్రసారానికి ముందు, సముద్రం మీద సూర్యాస్తమయం చూపిస్తూ వినిపించిన బాణీ ఆయన ఊదినదే. ఫ్రెంచి స్వరకర్త పియేర్ పోర్త్ రాసిన బాణీ అది. 1986 నాటి లపుటా అనే యానిమేషన్ చిత్రంలో పాజు అనే కుర్రవాడు తెల్లవారుతూనే ఇంటి కప్పు మీదికెక్కి పావురాలను వదిలి ట్రంపెట్ ఊదుతాడు. హిసాయిషి జో స్వరపరచిన ఆ బాణీని ఊదినది కూడా కజుహారాయే.

ఇవి ఖచ్చితమైన అర్థంలో పాప్ పాటలు కావని అభ్యంతరం రావచ్చు. అది న్యాయమే. కానీ పాప్ రికార్డులలో ఊదినదీ ఇదే మనిషి, ఇదే పెదవి, మరి ఇక్కడ ఆయన ధ్వనిని అడ్డుపడే గొంతు లేకుండా వినగలుగుతాం. పావురాల బాణీని శ్రద్ధగా వినండి. కంపనం ప్రతి స్వరం మొదట్లో ఉండదు, స్వరం నిలిచాక మెల్లగా మొదలవుతుంది. మన గాయకులు కూడా నిలిచిన స్వరం మీద గమకం వేసే ముందు స్వరస్థానాన్ని తేటగా చూపిస్తారు కదా, అదే క్రమశిక్షణ. హిస్సత్సు బాణీలలో ఆయనే కంపనాన్ని విశాలం చేసి, అంచులను గరుకుగా పలికిస్తాడు. ఒక మనిషి రెండు గొంతులతో మాట్లాడటం ఇది.

ఎంకా వైపు ధోరణి గురించి ఒక్క మాట. ఎంకాలో విరివిగా వాడే అయిదు స్వరాల వరుసలలో ఒకటి మన మోహన స్వరాలే. రెండోది శివరంజనిలో ధైవతాన్ని ఒక మెట్టు దించితే వచ్చేది. కర్ణాటక సంగీతం చెవిన పడ్డ తెలుగువారికి ఆ పాటల్లోని ట్రంపెట్ బిట్లు చప్పున పట్టుబడటానికి కారణం ఇదే కావచ్చు.

ఇంతవరకు ట్రంపెట్ తెర వెనుక ఉంది. దాన్ని ముందుకు లాగినది స్పెక్ట్రమ్ అనే బృందం. క్యాండీస్ అనే ముగ్గురమ్మాయిల ఐడల్ బృందం 1978 ఏప్రిల్‌లో కొరకుయెన్ స్టేడియంలో వీడ్కోలు కచేరీ చేసి విరమించుకుంది. వారి వెనుక వాయించిన బృందంలోని ఇత్తడి వాద్యకారులు 1979లో స్పెక్ట్రమ్‌గా ఏర్పడ్డారు. నాయకుడు నిత్తా ఇచిరో ట్రంపెట్ ఊదేవాడు, ఊదనప్పుడు సన్నని ఎత్తు గొంతుతో పాడేవాడు. పురాతన యోధుల కవచాల వంటి దుస్తులు వేసుకుని, ముగ్గురు ఇత్తడి వాద్యకారులూ ఒక్కసారిగా వాద్యాలను చేతుల్లో గిరగిరా తిప్పుతూ వేదిక ముందు వరుసలో నిలిచేవారు. అమెరికన్ ఫంక్ బృందాల ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది, వేషం కాస్త అతి అనిపిస్తుంది కూడా. అయినా గాయకుడూ ట్రంపెట్ వాద్యకారుడూ ఒకడే కావడంతో ఒక పాత చిక్కు విడిపోయింది: గొంతుకూ వాద్యానికీ పోటీ లేదు, ఒకటి ఆగిన చోట రెండోది అందుకుంటుంది. వారి సన్‌రైజ్ అనే పాట అమెరికన్ మల్లయోధుడు స్టాన్ హాన్సెన్ బరిలోకి వచ్చేటప్పుడు వేసే బాణీగా మారి, బృందం పేరు ఎరగని లక్షల మందికి చేరింది. 1981లో బుదోకాన్ సభామందిరంలో కచేరీతో వారు విడిపోయారు, అంటే ఆయుష్షు రెండేళ్లే.

ఆ కాలంలోనే షానెల్స్ అనే పేరుతో 1980లో వచ్చి, 1983లో రాట్స్ అండ్ స్టార్‌గా మారిన బృందంలో కువానో నొబుయోషి ట్రంపెట్ వాయించేవాడు. పేరు మార్చుకున్నాక వచ్చిన మొదటి పాట మెగుమి నో హితో, ఇనోఉయె దైసుకె స్వరపరచినది, ఒక సౌందర్య సాధనాల సంస్థ వేసవి ప్రకటనకు వాడినది. అందులో ట్రంపెట్ చేసే పని తక్కువే గానీ పాటకు వేసవి ఎండ తెచ్చేది అదే. కువానో తరువాత టెలివిజన్ హాస్యనటుడిగా స్థిరపడ్డాడు, కొత్త తరానికి ఆయన ట్రంపెట్ వాయిస్తాడని తెలిస్తే ఆశ్చర్యం. ఆ బృందం అమెరికా నల్లజాతి గాయకుల మీద అభిమానంతో ముఖాలకు నల్లరంగు పూసుకుని పాడేది. 2015లో అదే వేషం మళ్లీ వేయబోతే విమర్శలు వచ్చి ప్రసారం నుంచి ఆ భాగం తీసివేశారు. ఆ విమర్శ సబబైనదే. వీడియోలు చూసేవారు విస్తుపోకుండా ముందే చెబుతున్నాను.

జాజ్ వైపు నుంచి పాప్‌లోకి అడుగుపెట్టినవారిలో హినో తెరుమాసా పేరు అందరూ చెబుతారు, 1979 నాటి సిటీ కనెక్షన్ ఆల్బమ్ నగర జీవితపు పాప్ అభిమానులకు కూడా నచ్చుతుంది. నాకు మాత్రం కొందో తోషినోరి ఎక్కువ ఆసక్తికరం. ఆయన ట్రంపెట్‌కు విద్యుత్ పరికరాలు జోడించి ధ్వనిని సాగదీసి, చీల్చి, ప్రతిధ్వనింపజేసినవాడు. స్వరకర్త సకామోతో ర్యుయిచి 1984 ఆల్బమ్ ఒంగాకు జుకాన్‌లో ఆయన పాలుపంచుకున్నాడు. 1996లో హిప్‌హాప్ సంగీతకారుడు డీజే క్రష్‌తో కలిసి చేసిన కి-ఓకు అనే ఆల్బమ్‌లో నిదానమైన డ్రమ్ చక్రాల మీద ఆ ట్రంపెట్ మసక వెలుతురులో తిరిగినట్లు తిరుగుతుంది. నేర్చుకునేవారు అనుకరించకూడనిది, వినకుండా ఉండకూడనిది.

2000 తరువాత పరిస్థితి బాగా మారింది. టోక్యో స్కా ప్యారడైజ్ ఆర్కెస్ట్రా 1980లలో పుట్టిన వాద్య బృందం, ట్రంపెట్ నార్గోది. జమైకా స్కా సంగీతంలో ఇత్తడి వాద్యాలే పాట పాడతాయి, గాయకుడు ఉంటే ఉంటాడు లేకుంటే లేదు. ఈ బృందం 2001, 2002లలో తజిమా తకావో, చిబా యూసుకె, ఒకుదా తామియో అనే ముగ్గురు గాయకులను వరుసగా ఆహ్వానించి మూడు పాటలు చేసినప్పుడు ఆ తర్కాన్ని వదలలేదు. ఆతిథ్యం ఇచ్చేది ఇత్తడి వాద్యాలు, అతిథి గాయకుడు. పాట ప్రధాన బాణీని ట్రంపెట్ ముందుండి నడిపే వాద్యాల వరుసే ప్రకటిస్తుంది.

మనోధర్మమే కావాలనుకునేవారికి నేను ఇచ్చే జవాబు సాయిల్ అండ్ పింప్ సెషన్స్ అనే జాజ్ బృందం. 2006లో గాయని షీనా రింగోతో కలిసి వారు చేసిన కరిసొమె ఒతొమె పాటకు డెత్ జాజ్ (తమ ఉద్ధృతమైన జాజ్‌కు వారు పెట్టుకున్న పేరు) అనే రూపం ఉంది. తబు జోంబీ అనే రంగనామం గల ట్రంపెట్ వాద్యకారుడు ఇక్కడ మర్యాదకు లొంగడు. తారస్థాయికి ఎగబాకి, స్వరం చిట్లినా వెనక్కి తగ్గడు. రాసి పెట్టిన ఎనిమిది బార్ల సంప్రదాయానికి ఇది పూర్తిగా ఎదురు. రింగో గొంతు కూడా ఇత్తడిలా కరకుగా మోగగలది కనుక రెండూ తలపడి నిలుస్తాయి. మృదువైన గొంతుగల గాయని అయితే ఈ పాటలో కనిపించకుండా పోయేది.

2011 నుంచి 2021 వరకు క్యోటోకు చెందిన రాక్ బృందం కురురిలో ఫాన్‌ఫాన్ అనే ట్రంపెట్ వాద్యకారిణి శాశ్వత సభ్యురాలిగా ఉండటం కూడా గమనించదగినది. గిటారు బృందంలో ట్రంపెట్ అతిథిగా గాక ఇంటి మనిషిగా ఉంటే ఎంత తక్కువ ఊది ఎంత సాధించవచ్చో ఆ పదేళ్ల పాటల్లో తెలుస్తుంది.

ఇటీవలి వాటిలో నేను తరచుగా వినేది 2017లో గాయని మీషా చేసిన సోల్ జాజ్ సెషన్ అనే ఆల్బమ్. ఆరేంజ్‌మెంట్లు చేసినది న్యూయార్క్‌లో స్థిరపడ్డ కురొదా తకుయా, తానే ట్రంపెట్ వాద్యకారుడు. మీషా గొంతు ఆకాశాన్ని తాకేది. అలాంటి గాయని పక్కన ట్రంపెట్ కూడా పైకి పోతే ఇద్దరూ అరుస్తున్నట్లే ఉంటుంది. కురొదా మధ్యస్థాయిలోనే ఉండి, తాళానికి వెంట్రుకవాసి వెనుకగా, పొగ వదిలినట్లు ఊదుతాడు. ట్రంపెట్‌కూ గొంతుకూ స్థాయి ఒకటే కావడం చిక్కు అని పైన అన్నాను కదా, ఆరేంజరే వాద్యకారుడైనప్పుడు ఆ చిక్కు ఎలా తీరుతుందో ఇక్కడ వినవచ్చు.

శ్రోతలు పడే రెండు పొరపాట్లు కూడా సరిదిద్దాలి. కౌబాయ్ బీబాప్ అనే యానిమేషన్ ధారావాహిక ఆరంభ బాణీ ట్యాంక్‌లో ట్రంపెట్ల గుంపు హోరెత్తిస్తుంది గానీ, అందులో ప్రధాన సోలో హోందా మసాతో వాయించిన ఆల్టో సాక్సోఫోన్‌ది. గాయని తకెఉచి మరియా 1984 పాట ప్లాస్టిక్ లవ్‌లో జనం గుర్తుపెట్టుకునే ఇత్తడి పలుకులు గుంపువే, సోలో కావు.

ఇక నేర్చుకునే వరుస. పావురాల బాణీతో మొదలుపెట్టండి, ఎందుకంటే దాన్ని తోడు లేకుండా ఒక్కరే ఊదినా నిండుగా ఉంటుంది, తప్పు చేస్తే దాచుకోవడానికి చోటు ఉండదు. జపాన్ పాఠశాలల వాద్య బృందాల పిల్లలు కూడా దీన్ని ఇష్టంగా ఊదుతారు. తరువాత ఎరిమో మిసాకి ఆరంభం, రికార్డుతో కలిపి, దాని కంటే తక్కువ ధ్వనితో. ఆ పైన కురొదా మధ్యస్థాయి వాక్యాలను నొటేషన్ లేకుండా ముందు నోటితో పాడి, ఆ తరువాతే వాద్యం మీద పెట్టండి. తబు జోంబీని పెదవికి మూడు నాలుగేళ్ల బలం వచ్చేదాకా ముట్టుకోవద్దు. ఆ తారస్థాయిని మౌత్‌పీస్‌ను పెదవికి అదిమి సాధించబోతే మొదటి వారం స్వరం వస్తుంది, రెండో వారం పెదవి వాస్తుంది. నాకు అలాగే జరిగి, ఒక పెళ్లిళ్ల కాలమంతా డోలు పక్కన తాళం వేసుకుంటూ గడిపాను.